మళ్లీ రాని పేషెంటు ఏ లెక్కలో ఉన్నాడు?

ప్రతి నెలా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి, ప్రతి జిల్లా ఆసుపత్రి నుంచి పైకి ఒక నివేదిక వెళ్తుంది. హెచ్‌ఎంఐఎస్ అంటారు దాన్ని. ఎన్ని కాన్పులు జరిగాయి, ఎందరికి టీకాలు వేశారు, ఎన్ని మలేరియా పరీక్షలు చేశారు, అన్నీ అందులో ఉంటాయి. ఔట్‌పేషెంట్ల భాగంలో షుగర్, బీపీ వరుసల దగ్గరే మానసిక జబ్బుకూ ఒక వరుస ఉంది. ఆ నెల ఓపీకి ఎంతమంది వచ్చారో ఆ గడిలో ఒక అంకె వేస్తారు. అంతటితో సరి. ఆ వచ్చిన మనిషి పోయిన నెల వచ్చినవాడేనా, అతనికి నిద్ర పడుతోందా, మళ్లీ పనికి పోతున్నాడా, మందులు పడక వాంతులు చేసుకుంటున్నాడా, అసలు బతికే ఉన్నాడా, ఇవేవీ ఆ అంకెలో కనపడవు.

వచ్చినవాళ్ల లెక్క మన దగ్గర ఉంది. వాళ్లు ఆ తర్వాత ఏమయ్యారన్న లెక్క మనం పెట్టుకోలేదు. పెట్టుకోవాలని, అందులోనూ మధ్యలో రావడం మానేసినవాళ్ల లెక్క అన్నిటికంటే ముందు పెట్టుకోవాలని నా వాదన.

ఇది నాకు చదువుకుని తెలిసిన విషయం కాదు. మా తమ్ముడికి ఇరవయ్యో పడిలో స్కిజోఫ్రెనియా వచ్చింది, లేని మాటలు చెవిలో వినపడే తీవ్రమైన మానసిక జబ్బు. ఐటీఐ చేసి ఎలక్ట్రీషియన్‌గా అప్పుడప్పుడే చేతినిండా పని దొరుకుతున్న రోజులు. మొదట తాయెత్తులు కట్టించాం, దర్గాకు తీసుకెళ్లాం. తర్వాత ప్రైవేటు డాక్టరు దగ్గరికి, చేతిలో డబ్బులు అయిపోయాక ప్రభుత్వ ఆసుపత్రికి. మన దగ్గర చాలా ఇళ్లలో జరిగేది ఈ వరుసలోనే. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. డాక్టరు కూడా మంచాయన. నెలకోసారి అమ్మ వాణ్ణి తొలి బస్సుకు తీసుకెళ్లి, ఓపీ చీటీ రాయించి, లైన్లో కూర్చునేది. లోపలికి వెళ్లాక డాక్టరు "నిద్ర పడుతోందామ్మా? మందులు వేసుకుంటున్నాడా? గొడవేమీ చెయ్యట్లేదుగా?" అని అడిగి, పాత మందులకే రిపీట్ అని రాసేవారు. ఆయన్ని తప్పుపట్టలేను. గది బయట వరండా చివరిదాకా జనం ఉండేవారు.

ఆ మందులతో వాడి చెవిలో మాటలు తగ్గాయి, అరుపులు తగ్గాయి. దాంతోపాటు ఒళ్లు బాగా వచ్చింది. పగలంతా మత్తుగా ఉండేవాడు. చేతులు వణికేవి. నిచ్చెన ఎక్కలేని ఎలక్ట్రీషియన్‌ను ఎవరు పనికి పిలుస్తారు? ఆసుపత్రి లెక్కలో వాడు "మెరుగ్గా" ఉన్నాడు. వాడి లెక్కలో వాడి జీవితం ఆగిపోయింది. ఒకరోజు మందులు మానేశాడు. తర్వాత ఆసుపత్రికి రానన్నాడు. ఎదిగిన కొడుకును అమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్లగలదా?

వాడు రావట్లేదని ఆసుపత్రిలో ఎవరికీ తెలియలేదు. తెలిసే దారి కూడా లేదు. ఓపీ రిజిస్టర్లో పేరు, వయసు, ఊరు మాత్రమే ఉండేవి. ఫోన్ నంబరు ఉండేది కాదు. ఈ నెల రావలసినవాళ్లు ఎవరన్న జాబితా ఎవరి దగ్గరా లేదు కాబట్టి రానివాళ్ల జాబితా కూడా లేదు. ఏడాది దాటాక జబ్బు తిరగబెట్టింది. ఈసారి ముందుకంటే ఎక్కువగా. నలుగురు పట్టుకుని ఆటోలో తీసుకెళ్లాం. పాత చీటీ ఎక్కడో పోయింది, కొత్త చీటీ రాశారు. రిజిస్టర్లో కొత్త కేసు అని పడింది. అంటే మా ఇంట్లో జరిగిన అంత పెద్ద నష్టం ఆ నెల నివేదికలో ఒక విజయంగా నమోదైంది. కొత్త కేసులు పెరిగితే సేవలు ఎక్కువమందికి అందుతున్నట్టే కదా!

అప్పటి నుంచి ఈ లెక్కల గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) చేసిన ప్రయోగాన్ని చూసి, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ముందుగా నాలుగు రాష్ట్రాల్లో తలా ఒక జిల్లాలో పెట్టారు. అందులో ఒకటి మన మెదక్. ఇప్పుడది 767 జిల్లాలకు మంజూరైంది. ఈ విస్తరణ చిన్న విషయమేమీ కాదు. ఒకప్పుడు మానసిక జబ్బుకు మందు కావాలంటే ఎర్రగడ్డకో విశాఖపట్నానికో పోవాలి. ఇప్పుడు చాలాచోట్ల జిల్లా కేంద్రంలోనే దొరుకుతోంది. కానీ ఇన్నేళ్లలో ఈ కార్యక్రమం తన గురించి తాను చెప్పుకున్నదంతా ఎన్ని జిల్లాలు, ఎన్ని క్యాంపులు, ఎంతమందికి శిక్షణ, ఎంతమంది కొత్త, ఎంతమంది పాత పేషెంట్లు అనే లెక్కల్లోనే. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ కూడా అంతే. 14416 నంబరుకు వచ్చిన కాల్స్ 2025 నాటికి 20 లక్షలు దాటాయి. ఆ సేవ అవసరం, అది ఉండాలి. రాత్రిపూట మాట్లాడే మనిషి దొరకడం చిన్న సంగతి కాదు. అయితే కాల్ చేసినవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత డాక్టరు దాకా చేరారు, మూడు నెలల తర్వాత ఎలా ఉన్నారు అన్న ప్రశ్నకు ఆ 20 లక్షలు జవాబు కాదు.

మరో సంగతి. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాల్లో దాదాపు 40 వేల మందిని ఇంటింటికీ వెళ్లి అడిగారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. మన పత్రికలు, మన మంత్రులు, మన ఎన్జీవోలు ఇప్పటికీ చెప్పే అంకెలు ఇవే. కానీ ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. వేరే రాష్ట్రాల సగటును మన ఊళ్లకు వర్తింపజేసుకుని మాట్లాడుకుంటున్నాం. అది పోనీ అనుకున్నా, ఆ సర్వే చెప్పేది వైద్యం దాకా రానివాళ్ల గురించి. వచ్చి, నాలుగు నెలలు తిరిగి, మానేసినవాళ్లు దాదాపు అందరూ ఆ "అందనివాళ్ల" గుంపులోనే కలిసిపోతారు. వాళ్లు ఒకప్పుడు మన గడప తొక్కారన్న సంగతే మరుగున పడిపోతుంది. గడపదాకా ఎన్నడూ రానివాళ్లకు ప్రచారం కావాలి. వచ్చి వెళ్లిపోయినవాళ్లకు కావలసింది వేరు. మందు మార్చాలి, బస్సు చార్జీ ఇవ్వాలి, ఒక ఫోన్ చెయ్యాలి, లేదా డాక్టరు ఇంకో ఐదు నిమిషాలు కేటాయించాలి.

మానసిక జబ్బుల్లో ఇలాంటి లెక్కలు సాధ్యం కావు, ఇది జ్వరం కాదు కొలవడానికి అంటారు కొందరు. సాధ్యమే అనడానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. చెన్నైలో 1980ల మొదట్లో స్కిజోఫ్రెనియా మొదటిసారి బయటపడిన 90 మందిని ఎంచుకుని, స్కార్ఫ్ అనే సంస్థ పరిశోధకులు ఇరవై ఏళ్లకు పైగా వాళ్ల వెంట ఉన్నారు. ఊళ్లు మారినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. పెళ్లయిందా, పని చేస్తున్నారా, మళ్లీ తిరగబెట్టిందా అని రాసుకున్నారు. అది పరిశోధన, దానికి డబ్బు ఉంటుంది, రోజువారీ ఆసుపత్రికి అది కుదరదు అనొచ్చు. సరే, రోజువారీ ఆసుపత్రి ఉదాహరణే చూద్దాం.

క్షయ వ్యాధి ఉంది. టీబీ అని తేలిన ప్రతి మనిషి పేరు నిక్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్లో నమోదవుతుంది. చివరికి ఆ మనిషి పేరు ఎదురుగా ఏదో ఒకటి రాయాల్సిందే: నయమైంది, కోర్సు పూర్తయింది, మందు పనిచేయలేదు, మధ్యలో ఆగిపోయారు, చనిపోయారు. ఏదీ రాయకుండా వదిలేయడానికి లేదు. బీపీ సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అది కూడా మానసిక జబ్బులాగే ఏళ్ల తరబడి మందు వాడాల్సిన జబ్బు. ఐసీఎంఆర్, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2017 చివర్లో మొదలుపెట్టిన బీపీ నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో ఐదు రాష్ట్రాలను తీసుకుంది. వాటిలో తెలంగాణ ఒకటి. అందులో లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఒక మూడు నెలల్లో నమోదైన పేషెంట్లందరినీ ఒక గుంపుగా తీసుకుంటారు. తర్వాతి మూడు నెలల్లో వాళ్లు మూడు భాగాలవుతారు: బీపీ అదుపులో ఉన్నవాళ్లు, వచ్చినా అదుపులో లేనివాళ్లు, అసలు రానివాళ్లు. మూడూ కలిపితే మొత్తం నూరు శాతం రావాలి. రానివాళ్లను తీసేసి మిగతావాళ్ల మీద శాతం కట్టడం కుదరదు. రానివాళ్ల జాబితా నర్సు చేతిలో ఉంటుంది, ఆమె ఫోన్లు చేస్తుంది.

అదే ఆరోగ్య కేంద్రం, అదే ఆశా కార్యకర్త, అదే ఏఎన్ఎం. బీపీకి చేయగలిగినదాన్ని స్కిజోఫ్రెనియాకు చేయలేకపోవడానికి నాకు కారణం కనపడటం లేదు.

ఒక్క తేడా ఉంది, అది నిజమైన తేడానే. బీపీకి యంత్రం ఉంది. 140/90 లోపు ఉంటే అదుపులో ఉన్నట్టు. మనసుకు ఆ యంత్రం లేదు, అడగాలి. ఏమడగాలి, ఎవరిని అడగాలి అన్నచోటే అసలు చర్చ జరగాలి.

డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ప్రపంచమంతా వాడుతున్నారు. మనవాళ్లూ వాడుతున్నారు. స్కిజోఫ్రెనియా లాంటి తీవ్రమైన జబ్బులకు డాక్టరు వేసే మార్కుల పట్టికలు వేరే ఉన్నాయి. నాకు వీటితో పేచీ లేదు. అయితే లక్షణాలు తగ్గడం ఒక్కదాన్నే కొలిస్తే మా తమ్ముడి లాంటివాళ్లు "బాగుపడినవాళ్ల" కిందికే వస్తారు. మూల కూర్చుని, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా, రోజుకు పదహారు గంటలు పడుకునే మనిషి ఆసుపత్రికి మంచి పేషెంటు. వాడినే అడిగితే "నిచ్చెన ఎక్కగలిగితే చాలక్కా" అనేవాడు. అమ్మను అడిగితే "నేను పోయాక వాడి అన్నం వాడు వండుకుంటే చాలు" అంటుంది. పని, నిద్ర, మందుల ఇబ్బంది, ఇంట్లో మాట, ఒంటరితనం. ఈ ఐదింటి మీద ఐదు ప్రశ్నలు పేషెంటునే అడిగి, వీలైతే ఇంట్లోవాళ్లను విడిగా అడిగి, ఆరు నెలలకోసారి రాసుకుంటే దాన్ని మించిన లెక్క లేదని నా అభిప్రాయం.

చిత్రమేమిటంటే, ఇలాంటి కొలత మన ప్రభుత్వం చేతిలో ఇప్పటికే ఉంది. భారత మానసిక వైద్యుల సంఘం 2002లో ఐడియాస్ అనే పట్టికను తయారుచేసింది. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడటం, ఉద్యోగమో ఇంటిపనో చేయడం, ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. ఎన్నేళ్లుగా జబ్బుందో దానికీ కొన్ని మార్కులు కలుపుతారు. మన దగ్గర మానసిక వైకల్యానికి సదరం క్యాంపుల్లో సర్టిఫికెట్ ఇచ్చేది ఈ పద్ధతిలోనే. 40 శాతం దాటితే పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. పేద ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, ఒక మనిషి తిండి.

అంటే ఈ రాష్ట్రాల్లో మానసిక జబ్బున్న మనిషి జీవితం ఎలా ఉందో ప్రభుత్వం గట్టిగా కొలిచేది ఒకే ఒక్క సందర్భంలో, ఆ మనిషి ఎంత చెడి ఉన్నాడో నిరూపించుకోవాల్సినప్పుడు. బాగుపడ్డానని చెబితే పింఛను పోతుందేమోనన్న భయం. క్యాంపుకు వెళ్లే ముందు రోజు గడ్డం గీసుకోవద్దని కొడుకుకు చెప్పే తల్లులున్నారు. వాళ్లను మోసగాళ్లని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలా చెప్పక తప్పని స్థితిలోకి నెట్టింది మన పద్ధతే. కాబట్టి మొదటి షరతు ఇది: వైద్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి అడిగిన జవాబులు పింఛను కాగితాల దగ్గరికి పోకూడదు. ఆ హామీ ప్రభుత్వం రాతపూర్వకంగా ఇవ్వాలి. లేకపోతే ఎవరూ నిజం చెప్పరు, చెప్పనవసరమూ లేదు.

రెండో షరతు, అంకెల మోజులో పడకూడదు. దీనికి ఇంగ్లండ్ అనుభవం చూడాలి. అక్కడ 2006లో డాన్‌కాస్టర్, న్యూహామ్ అనే రెండుచోట్ల ప్రయోగం చేసి, 2008 నుంచి డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో కౌన్సెలింగ్ ఇచ్చే సేవను దేశమంతా పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, వైద్యం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవడం కాకుండా వచ్చిన ప్రతిసారీ ప్రశ్నల పట్టిక నింపించారు. ఎవరైనా హఠాత్తుగా మానేసినా కిందటిసారి ఎలా ఉన్నారో తెలుస్తుంది. చికిత్స పూర్తిచేసినవాళ్లలో 98 శాతం మందికి మొదటి, చివరి కొలతలు రెండూ దొరికాయి. అప్పుడొక సంగతి బయటపడింది. పాత పద్ధతిలో అయితే ఎవరి చివరి కొలత దొరికేది కాదో, వాళ్లు మిగతావాళ్లకంటే తక్కువగా మెరుగుపడ్డారు. అంటే దొరికినవాళ్లను మాత్రమే లెక్కవేసుకునే ఏ ఆసుపత్రి అయినా తన పనిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించుకుంటున్నట్టే.

అంత జాగ్రత్తగా పెట్టుకున్న వ్యవస్థలోనూ ఒక మెలిక ఉంది. అక్కడ కోలుకున్నవాళ్ల శాతం కట్టేది కనీసం రెండుసార్లు చికిత్సకు కూర్చున్నవాళ్ల మీద. ఒకసారి వచ్చి మళ్లీ రానివాళ్లు ఆ శాతంలో ఎటూ లేరు. పైగా సగం మంది కోలుకోవాలని లక్ష్యం పెట్టారు. పీహెచ్‌క్యూ-9లో 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జబ్బు కిందికి వస్తుంది. 10తో వచ్చి 9తో వెళ్లిన మనిషి కోలుకున్నట్టు, 25తో వచ్చి 12కు దిగిన మనిషి కోలుకోనట్టు. నిజానికి ఎక్కువ మేలు పొందింది రెండో మనిషి. ఈ విమర్శ వాళ్లూ విన్నారు. 2024 నుంచి నమ్మదగినంత మార్పు వచ్చిందా లేదా అన్నదాన్ని కూడా లక్ష్యాల్లో కలిపారు. ఇరవై ఏళ్లుగా దిద్దుకుంటూనే ఉన్నారు. మనం ఇప్పుడు మొదలుపెడితే వాళ్ల తొలి పొరపాట్లను మళ్లీ చేయనక్కర్లేదు.

మన గడ్డ మీద నుంచే ఇంకో హెచ్చరిక ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో, హరియాణాలో కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఊళ్లలో డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లను గుర్తించి, డాక్టరు దగ్గరికి పంపి, తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో చూశారు. ఏడాది తర్వాత, ఈ సేవ పూర్తిగా అందిన వైపు దాదాపు 75 శాతం మందిలో డిప్రెషన్ తగ్గిపోయింది. అది అందని వైపు కూడా దాదాపు 51 శాతం మందిలో తగ్గింది. ఆ 51 శాతాన్ని గుర్తుపెట్టుకోవాలి. మనుషులు బాగా కుంగినప్పుడే మన కంట పడతారు, చాలామంది కాలంతోపాటు కొంత తేరుకుంటారు. పోల్చి చూసుకోవడానికి ఏమీ లేని జిల్లా అధికారి ఆ 75నూ తన ఘనతగానే చెప్పుకుంటాడు. అందులో సేవ వల్ల వచ్చిన మేలు 24. అదీ గొప్ప మేలే, ప్రతి నలుగురిలో ఒకరు. ఇంకో సంగతి కూడా ఆ ప్రయోగం రుజువు చేసింది. మన ఆశా కార్యకర్తలు ఈ లెక్క పెట్టగలరు, పెట్టారు.

చావుల గురించి రాయడం కష్టంగా ఉంది. రాయకుండా వదిలేయలేను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ లెక్క పోలీసు స్టేషన్ల నుంచి వస్తుంది. వాళ్లలో ఎంతమంది ఆ ఏడాదిలో ప్రభుత్వ మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చి ఉన్నారు? ఎంతమంది ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి నెల తిరగలేదు? పోలీసు కాగితం, ఓపీ కాగితం ఎక్కడా కలవవు కాబట్టి ఈ ప్రశ్న అడిగే వీలే లేదు. బ్రిటన్‌లో 1996 నుంచి మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక విచారణ సంఘం ఈ రెండింటినీ కలిపి చూస్తోంది. మానసిక ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి రెండు వారాలు, అందులోనూ మొదటి కొద్ది రోజులు అన్నిటికంటే ప్రమాదమని వాళ్ల లెక్కల్లో తేలింది. ఆ ఒక్క సమాచారం పద్ధతినే మార్చింది. డిశ్చార్జి అయినవాళ్లను ఏడు రోజుల్లోపు కలవాలన్న నియమాన్ని 72 గంటలకు కుదించారు. మన ఆసుపత్రుల్లో డిశ్చార్జి చీటీ మీద ఇప్పటికీ "నెల తర్వాత రండి" అనే ఉంటుంది. ఎవరో నిర్లక్ష్యం చేసి అలా రాయడం లేదు. ఎప్పుడు ప్రమాదమో చెప్పే లెక్క వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

పెద్ద ఆసుపత్రుల లోపల ఇంకో రకం మరుగు ఉంది. బెడ్లు నిండి ఉన్నాయంటే ఆసుపత్రి బాగా నడుస్తోందనుకుంటాం. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల దుస్థితి గురించి మాట్లాడుతూ, నయమైనవాళ్లను కూడా లోపలే ఉంచేస్తున్నారని తప్పుపట్టింది. నయమై, పోవడానికి ఇల్లు లేక ఉండిపోయిన మనిషి, నిన్న చేరిన మనిషి బెడ్ల లెక్కలో ఒక్కటే.

ఇవన్నీ విన్న ఒక డాక్టరు స్నేహితురాలు నాతో సూటిగా అన్నది: "ఓపీలో మనిషికి మూడు నిమిషాలు ఇవ్వలేకపోతున్నాం. నువ్వు ఫారాలు నింపమంటున్నావు." ఆమె మాట న్యాయమైనది. డాక్టరు చేత నింపించే ఏ పట్టికైనా ఆరు నెలల్లో ఉత్తుత్తి టిక్కుల పట్టిక అవుతుంది. అందుకే ఆ పని డాక్టరుకు ఇవ్వకూడదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మార్గదర్శకాల్లో సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సులతో పాటు ఒక మానిటరింగ్ అధికారి, ఒక కేస్ రిజిస్ట్రీ అసిస్టెంట్ కూడా ఉండాలని ఉంది. పేరులోనే ఉంది పని: కేసుల రిజిస్టర్ చూసుకోవడం. ఆ కుర్చీలో మనిషి ఉంటే, వాళ్ల చేత వేరే కార్యక్రమాల డేటా ఎంట్రీ చేయించకుండా ఉంటే, నేను చెప్పేదాంట్లో సగం పని కొత్త జీవో అవసరం లేకుండానే జరుగుతుంది. వరండాలో లైన్లో కూర్చున్న గంటలు ఉన్నాయి కదా, ఐదు ప్రశ్నలు అక్కడే అడగొచ్చు. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆ కాగితం ముందుంటే, "గొడవేమీ లేదుగా" అనే ప్రశ్న బదులు "ఒళ్లు బాగా వచ్చిందట, మందు మార్చి చూద్దామా" అన్న మాట వస్తుంది. ఆ మూడు నిమిషాలకే విలువ పెరుగుతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే అభ్యంతరం వేరే ఉంది, గోప్యత. బీపీ మందులకు రాలేదని ఆశా కార్యకర్త వీధిలో నిలబడి పిలిచినా ఎవరూ ఏమీ అనుకోరు. మానసిక జబ్బుకు అలా కాదు. ఆమె ఒకసారి ఆ ఇంటికి వెళ్లి "మందులకు ఎందుకు రాలేదు" అని గట్టిగా అడిగితే చాలు, ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం తప్పిపోవచ్చు. ఊరిలో ఆశా కార్యకర్త కూడా ఎవరికో ఒకరికి బంధువే. అందుకని బీపీ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేకూడదు. నమోదు చేసుకున్న రోజే పేషెంటును అడగాలి: మీరు రాకపోతే మిమ్మల్ని ఎలా పలకరించమంటారు? ఫోన్ చేయమంటారా, ఏ నంబరుకు, ఏ వేళకు? ఇంటికి రావొచ్చా, వద్దా? వద్దంటే వద్దే. ఫోన్ చేసేవాళ్లు ఆసుపత్రి పేరు మాత్రమే చెప్పాలి, ఏ విభాగమో చెప్పకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ పేషెంటుకు గోప్యత హక్కు ఇచ్చింది. పైకి పంపే నివేదికల్లో పేర్లు, ఊళ్లు ఉండనక్కర్లేదు, అంకెలు చాలు. ఈ జాగ్రత్తలు లేకుండా ఎవరైనా హడావుడిగా ఒక యాప్ పెడితే, నేనే ముందు వద్దంటాను.

ఇంకొకటి, ఈ లెక్కలతో డాక్టర్లకు ర్యాంకులు ఇవ్వకూడదు. ఫలానా జిల్లాలో మానేసినవాళ్లు ఎక్కువ అని తెలియగానే కలెక్టరు మెమో ఇస్తే, వచ్చే నెల నుంచి మానేసినవాళ్లు కాగితం మీద మాయమవుతారు. తీవ్రమైన జబ్బులున్నవాళ్లను చేర్చుకోవడానికే వెనకాడతారు. ఆ అంకె చూసి పంపాల్సింది అక్కడికి ఇంకో నర్సును, బస్సు చార్జీలకు డబ్బును, దొరకని మందును.

మా తమ్ముడు ఇప్పుడు వేరే మందు వాడుతున్నాడు. ఒక హార్డ్‌వేర్ షాపులో కూర్చుంటాడు, నిచ్చెన పని లేదు. ఆ మందు మార్చినది ఏ వ్యవస్థా కాదు, కొత్తగా వచ్చిన ఒక యువ డాక్టరు వాణ్ణి తిన్నగా "నీకేం ఇబ్బందిగా ఉంది తమ్ముడూ" అని అడగడం. ఆ అడగడం అదృష్టాన్ని బట్టి ఉండకూడదు.

ఇంట్లో ఇలాంటి జబ్బున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రెండు పనులు చేయవచ్చు. ఆ చట్టంలోనే 25వ సెక్షన్ పేషెంటుకు తన వైద్య రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. అడిగి కాపీ తీసుకోండి, ఒక నోటు పుస్తకంలో ప్రతి నెలా నిద్ర, పని, మందుల ఇబ్బంది రాసి లోపలికి వెళ్లగానే డాక్టరు ముందు పెట్టండి. రెండోది, సమాచార హక్కు దరఖాస్తు. తెలుగులోనే రాయవచ్చు, జిల్లా కార్యాలయానికి ఫీజు పది రూపాయలు. నాలుగు ప్రశ్నలు అడగండి. మన జిల్లాలో కేస్ రిజిస్ట్రీ అసిస్టెంట్ పోస్టులో మనిషి ఉన్నారా? పోయిన ఏడాది మొదటి మూడు నెలల్లో కొత్తగా ఎంతమంది నమోదయ్యారు? వాళ్లలో ఆరు నెలల తర్వాత ఎంతమంది వస్తున్నారు? రానివాళ్లలో ఎంతమందికి ఆసుపత్రి నుంచి ఒక్కసారైనా ఫోన్ వెళ్లింది?